వెనక ఇరుసు బిరడా

ఉద్యోగం ముగిసి పన్నెండేళ్లయినా, సిస్టరమ్మ అన్న పిలుపు మాత్రం పదవీ విరమణ చేయలేదు. కూరగాయల కొట్టులోనూ, బ్యాంకు వరుసలోనూ, చివరికి తమ్ముడి మెకానిక్ షెడ్డులోనూ ఆమె సిస్టరమ్మే. అక్కా అని పిలిచేది తమ్ముడొక్కడే. ఆ తమ్ముణ్ణి ఊళ్లో అందరూ ‘చెవి’ అంటారు. ఇంజను మూత తెరవకముందే తల ఒక పక్కకు వంచి, కళ్లు మూసుకుని విని, జబ్బు ఫలానా అని చెప్పడం వల్ల వచ్చిన పేరది. “ఆయన చెవి ఇంజన్లకే పనిచేస్తుంది వదినా, నా మాటలకు కాదు” అని మరదలు అప్పుడప్పుడూ అర్జీ పెట్టుకుంటూ ఉంటుంది.

ఆ ఏడాది ఆరోగ్య కేంద్రం వెనకనున్న పాత రేకుల షెడ్డును కూలగొట్టారు. అందులో నలభై రెండేళ్లుగా కదలకుండా ఉన్న జీపును తుక్కులో వేయబోతుంటే, చెవి దానికి గొలుసు కట్టి తన షెడ్డుకు లాక్కొచ్చాడు. మధ్యాహ్నం భోజనాల దగ్గర, మజ్జిగ పోసుకుంటూ, నీ జీపు దొరికిందక్కా అన్నాడు. సిస్టరమ్మ చెయ్యి కంచంలోనే ఆగిపోయింది. నాది కాదురా, ఆయనది అంది. ఆయన అంటే ఎవరో ఆ ఇంట్లో విడమరచి చెప్పనక్కరలేదు.

ఆయన నిదానం. హాజరు పట్టీలో వేరే పేరు ఉండేది గాని, జనం నోట నిలిచింది ఇదే. మలుపు దగ్గర హారను కొట్టి, ఆగి, మళ్లీ కొట్టి గాని స్టీరింగు తిప్పని డ్రైవరు. కొండ అవతలి పల్లెలకు టీకాలు తీసుకుపోయే బండి ఆ జీపొక్కటే, నడిపేవాడు ఆయనొక్కడే, ముందు సీట్లో మందుల పెట్టె ఒళ్లో పెట్టుకుని కూర్చునేది ఇరవై ఎనిమిదేళ్ల సిస్టరమ్మ. దారికి అడ్డంగా ఒక వాగు పారుతుంది. దాటి నూట యాభై గజాలు పోగానే నిటారు దిగుడు. దిగుడు చివర ఇరుకు వంతెన. ఒక సాయంత్రం ఆ దిగుడులో బండి ఆగలేదు. వంతెన నిండా బడి వదిలిన పిల్లలు. నిదానం వంతెన వైపు పోనివ్వకుండా స్టీరింగు విరిచి, బండిని ఎడమ పక్కనున్న మెత్తని మట్టిగట్టులో గుచ్చేశాడు. ఒక్క బిడ్డకు కూడా గీత పడలేదు. సిస్టరమ్మకు మెడ కింద ఎముక విరిగింది. ఆయన మోకాలు చితికింది.

మూడో నాడు విచారణాధికారి వచ్చాడు. వంగింది బంపరూ ఒక మడ్‌గార్డే. పెడలు నొక్కి చూస్తే రాయిలా గట్టిగా ఉంది. బ్రేకు ఆయిలు డబ్బా నిండుగా ఉంది. ఆవరణలో నాలుగు గజాలు నడిపిస్తే బండి బుద్ధిగా ఆగింది. బ్రేకులు సక్రమంగా ఉన్నాయి, డ్రైవరు సకాలంలో బ్రేకు వేయలేదు అని రాసుకుని వెళ్లిపోయాడు. కేంద్రానికి వేరే బండి వచ్చింది, గుద్దుకున్న జీపును వెనక షెడ్డులోకి తోసేశారు. నొక్కానని నిదానం మొదటిరోజు చెప్పాడు. పదో రోజుకు నొక్కాననే అనుకుంటున్నానన్నాడు. నెల తిరిగేసరికి, కంగారులో కాలు క్లచ్చు మీద పడిందేమోనన్నాడు. పదిమంది కలిసి పదేపదే చెబితే మనిషి తన కాలినే నమ్మడు. ఆయన్ను స్టీరింగు దగ్గరి నుంచి తీసి గేటు దగ్గర వేశారు. పంతొమ్మిదేళ్లు వేరే డ్రైవర్లు వస్తుంటే గేటు తెరిచాడు, పోతుంటే మూశాడు. నిదానం అనే మెచ్చుకోలు పేరును అప్పటి నుంచి కొందరు ఎగతాళిగా పలకడం నేర్చుకున్నారు. అప్పటి నుంచి ఏ బండిలోనైనా ఆయన వెనక సీట్లోనే కూర్చుంటాడు; ముందు కూర్చుంటే కుడికాలు తనంత తాను నేలను నొక్కుతుందట.

సిస్టరమ్మ ఆ సాయంత్రాన్ని మరచిపోలేదు. ప్రతి ఏడూ అదే తేదీన ఆయన ఇంటికి వెళ్లి పళ్లు ఇచ్చి వచ్చేది. తన ఆయుష్షులో ఈ నలభై రెండేళ్లూ ఆయన చేతుల చలవేనని నలుగురిలో చెప్పేది. “కాలు తప్పినా చేతులు తప్పలేదు” అనేది. పొగడ్తే అది. ఆ పొగడ్త వినగానే ఆయన తల ఎందుకు దించుకుంటాడో ఆమె ఎన్నడూ ఆలోచించలేదు, వినయం అనుకుంది.

అందుకే జీపు దొరికిందని వినగానే ఆమెకు తోచింది ఒక్కటే. ఆయనకు ఎనభై ఒకటి నడుస్తోంది. ఓపిక ఉండగానే ఆ బండిని బాగుచేయించి, ఆ సీట్లో ఆయన్ను ఒక్కసారి కూర్చోబెట్టాలి. చెవి గడ్డం గోక్కుని, ఇంజను సంగతి తర్వాత, ముందు కాళ్లూ కీళ్లూ చూద్దామన్నాడు. నడవని బండికి నష్టం లేదు గాని ఆగని బండి ప్రాణం తీస్తుంది కాబట్టి, బ్రేకులూ ఇరుసులతోనే మొదలుపెడతానన్నాడు.

మర్నాటి నుంచి సిస్టరమ్మ పొద్దున తొమ్మిదికల్లా షెడ్డుకు వచ్చేది. మరదలి పాత చీర ముక్కను నడుముకు చుట్టుకుని, ముక్కాలి పీట మీద కూర్చుని, విప్పిన ప్రతి బోల్టునూ కిరోసిన్‌లో కడిగి, తుడిచి, కాగితం చీటీ అంటించి, ట్రేలో వరుసగా పేర్చేది. ఆపరేషను బల్ల మీది కత్తెరలకైనా అంత మర్యాద జరిగి ఉండదు. “ఇంకా నయం, వాటికి జ్వరం చూడలేదు” అని చెవి నవ్వేవాడు. నాలుగు మూలలా జాకీలతో ఎత్తి, ఇనుప స్టాండ్లు పెట్టాడు. ఆ కాలపు జీపుల్లో ఎడమ పక్క చక్రాల నట్లకు మర ఎదురు దిక్కున ఉంటుంది. ఆ సంగతి తెలియక ఎవరో ఎప్పుడో బిగించబోయి రెండింటిని నమిలేశారు. వాటిని ఉలితో కోసి తీయడానికి ఒక పూట పట్టింది. చక్రాల లోపలి బ్రేకు డ్రమ్ములు తుప్పుతో అతుక్కుపోయాయి. నూనె పోసి, సుత్తితో చుట్టూ మెల్లగా తడుతూ, వేడి చేసి, మళ్లీ తడుతూ రెండు రోజులు బతిమాలితే గాని ముందువి రెండూ ఊడిరాలేదు. వాటి లోపల, డ్రమ్మును ఒరుసుకుని ఆపే లైనింగులు పొడిగా, శుభ్రంగా ఉన్నాయి. నలభై రెండేళ్ల దుమ్ము తప్ప మరకన్నది లేదు.

వెనక డ్రమ్ములు మాత్రం బతిమాలకుండానే జారి చేతిలోకి వచ్చాయి. అక్కడే చెవికి అనుమానం కలిగింది.

అతను లాంతరు బల్బు దగ్గరికి లాగి చూశాడు. రెండు పక్కలా లైనింగులు నల్లగా, నిగనిగలాడుతూ, పెనం మీద మాడిన నూనెలా గట్టిపడి ఉన్నాయి. డ్రమ్ము లోపలి గోడకు చుట్టూతా అదే మాడిన పొర. వేలు పెట్టి రాసి వాసన చూశాడు. గేరాయిలు, ఇరుసులోని గేర్లకు పోసే నూనె. రెండో డ్రమ్మునూ అలాగే రాసి వాసన చూశాడు. ఏమిట్రా అని సిస్టరమ్మ రెండుసార్లు అడిగాక, తలుపు దగ్గరి నుంచి మరదల్ని కూడా పిలిచి, ఇద్దరికీ చూపిస్తూ చెప్పాడు. నిలబడి ఉన్న బండిలో నూనె కారితే డ్రమ్ము అడుగున మడుగు కడుతుంది. ఇది అలా లేదు. చుట్టూ సమంగా పరుచుకుని కాలింది. అంటే చక్రం తిరుగుతుండగా, బ్రేకు షూలు రాచుకుంటుండగా పట్టిన పొర ఇది. ఆ రోజుకు ముందే ఇరుసులోని నూనె బ్రేకుల మీదికి వచ్చేసింది. నూనె పట్టిన లైనింగు ఎంత నొక్కినా డ్రమ్మును పట్టదు. గుండు మీద సబ్బు రాసినట్టు జారుతుంది.

సిస్టరమ్మ ఎప్పుడూ చేసే పద్ధతిలోనే ఆలోచించింది. లక్షణం దొరికితే కారణం దాకా వెళ్లాలి. వెనక బ్రేకులు పోతే ముందువి ఏమయ్యాయి? ఆ జవాబు ఆమె దగ్గరే ఉంది. అంతకు నిమిషం ముందే వాగు దాటారు. ముందు డ్రమ్ముల నిండా నీళ్లు. తడి బ్రేకు ఆరడానికి నిదానం ప్రతిసారీ వాగు దాటాక రెండుసార్లు పెడలు తొక్కేవాడు. ఆ రోజూ తొక్కాడు. ఆ పెడలు చప్పుడు ఆమెకు గుర్తుంది. మామూలు రోజుల్లో అవి ఆరేదాకా వెనకవి భారం మోసేవి. ఆ రోజు వెనకవి లేవు. విచారణాధికారి వచ్చేనాటికి ముందు డ్రమ్ములు ఆరిపోయాయి. చదును నేల మీద నాలుగు గజాల పరుగుకు అవి చాలు. పెడలు గట్టిగా ఉంది, ఆయిలు నిండుగా ఉంది. అన్నీ సక్రమమే. బండి మాత్రం ఆగదు.

“అంటే ఆయన నొక్కాడు” అంది సిస్టరమ్మ.

“నొక్కే ఉంటాడు. గట్టిగా నొక్కి ఉంటాడు” అన్నాడు చెవి.

ఆమెకు మొదట వచ్చింది సంతోషమే. ఆ క్షణమే రిక్షా ఎక్కి పోయి ఆయనకు చెప్పాలనిపించింది. మరదలు మంచినీళ్లు తెచ్చి ఇచ్చింది. చెవి మాత్రం ఇంకా ఇరుసునే చూస్తున్నాడు. ఇరుసు చివర నూనెను ఆపే రబ్బరు చుట్టును, ఆయిల్ సీలును, ఊడదీసి అరచేతిలో పెట్టుకుని తిప్పాడు. అరిగిపోయిన సీలు కాదది. దాని పెదవి బయటి వైపుకు తిరగబడి ఉంది. లోపలి నుంచి ఏదో నెట్టింది అని గొణుక్కున్నాడు. రెండో పక్కదీ అంతే. పరిగెత్తే బండి ఇరుసు వేడెక్కుతుంది, లోపలి గాలి ఉబ్బుతుంది; ఆ గాలి పోవడానికి ఇరుసు తొడుగైన హౌసింగు పైభాగంలో చిన్న రంధ్రం ఉంటుంది. దాన్ని బ్రీదరంటారు. అది మూసుకుపోతే గాలి సీళ్లను తోసుకుని, నూనెను వెంటబెట్టుకుని బయటపడుతుంది. అతను కిందికి దూరి, హౌసింగు మీద పేరుకున్న మట్టిని గరిటెతో గీకాడు. బ్రీదరు ఉండాల్సినచోట మురికి గడ్డలాంటిది తగిలింది. గడ్డను ఒలిస్తే మందుల ప్లాస్టరు, నాలుగు చుట్లు. ప్లాస్టరు కింద, రంధ్రంలో బిగించి, ఒక రబ్బరు బిరడా.

“ఎవడో తెలివైనవాడు పెట్టిన బిరడా ఇది” అంటూ దాన్ని అక్క చేతిలో వేశాడు.

బొటనవేలి గోరంత బిరడా. రంగు వెలిసి గట్టిపడింది గాని, ప్లాస్టరు కాపాడినందువల్ల పైముఖం చెక్కు చెదరలేదు. సిస్టరమ్మ కళ్లజోడు సర్దుకుని చూసింది. ముఖం మీద అంచు చుట్టూ సూది గుచ్చిన చుక్కలు. లెక్కపెట్టింది. పది.

నర్సులందరూ టీకా సీసా బిరడాను మధ్యలోనే గుచ్చుతారు. మధ్యలో పదేపదే గుచ్చితే రబ్బరు పొడి రాలి మందులో పడుతుందని, ఆమె గడియారం అంకెల్లాగా అంచు వెంబడి గుచ్చేది. మొదటి డోసు పన్నెండు దగ్గర, రెండోది ఒంటిగంట దగ్గర; పదో డోసు తొమ్మిది దగ్గర. పది, పదకొండు ఎప్పుడూ ఖాళీ. అలా గుచ్చితే ఎన్ని డోసులు అయ్యాయో బిరడాయే చెబుతుంది. ఆ కేంద్రంలో ఆ పద్ధతి ఆమె ఒక్కతిదే. మిగతావాళ్లు దాన్ని చూసి నవ్వేవాళ్లు కూడా. చేతిలో ఉన్న బిరడాకు తొమ్మిది తర్వాత రెండు అంకెల మేర ఖాళీ ఉంది.

అప్పుడు గుర్తొచ్చింది. గుర్తులేక కాదు, ఎన్నడూ గుర్తుచేసుకోదగ్గ సంగతి అనుకోలేదు. ఆ ప్రమాదానికి మూడు వారాల ముందు ఇరుసులోకి వాగు నీళ్లు పోయాయని, నూనె పాలలా విరిగిపోయిందని, బండిని ఎనిమిది రోజులు ఆపేశారు. బ్రీదరు మూత ఎక్కడో ఊడిపడిపోయిందని, నీళ్లు ఆ రంధ్రంలోంచే వస్తున్నాయని మెకానిక్కు చెప్పడం ఆమె విన్నది. ఆ ఎనిమిది రోజుల్లో రెండు పల్లెలకు టీకాలు అందలేదు. తెరిచి ఉంచిన సీసాలోకి క్రిమి పోతుందని చదువుకున్న మనిషి. బండి తిరిగి వచ్చిన రోజు సాయంత్రం, ఎవరినీ అడగకుండా, ఖాళీ సీసా బిరడా ఒకటి తీసి, వెనక నుంచి వంగి, ఆ రంధ్రానికి పెట్టి, ప్లాస్టరు చుట్టేసింది. రెండు నిమిషాల పని. చేతులు కడుక్కుని ఇంటికి వెళ్లింది. పైగా ఆ రాత్రి తన ముందుచూపుకు తానే మురిసిపోయినట్టు కూడా గుర్తు.

నలభై రెండేళ్లు తాను ఎవరికి కృతజ్ఞత చెబుతూ వచ్చిందో, ఆయనకే కాలు తప్పిందని ఏటేటా పళ్ల సంచితో పాటు ఇంటికి తీసుకుపోయి మరీ గుర్తుచేసింది. ఆ కాలు తప్పలేదు. తప్పిన చెయ్యి తనది.

అక్క చెప్పిందంతా విని చెవి సీళ్లను తుడిచి ట్రేలో పెట్టాడు. తర్వాత మెల్లగా, సీలు పోయి నూనె కారిందని చెప్పక్కా, చాలు అన్నాడు. అందులో అబద్ధం లేదు. ఆయనకు కావాల్సింది తన కాలు తప్పలేదన్న మాటే, అది దొరుకుతుంది. బిరడా సంగతి మన ముగ్గురి మధ్యే ఉంటుంది. ఈ వయసులో నువ్వు పోయి ఆయన ముందు తల వంచుకోవడం, ఆయన మనసు విరగడం, ఎందుకివన్నీ?

“సగం కుట్టి వదిలేసిన గాయం చీము పట్టకుండా ఉంటుందట్రా?” అంది సిస్టరమ్మ. “సీలు ఎందుకు పోయిందని ఆయన అడుగుతాడు. డ్రైవరు కదా, అడక్కుండా ఉండడు.”

భయం లేకపోలేదు. ఆయనకు నిజం తిరిగి ఇవ్వాలంటే, ఆయన దగ్గర తనకున్న చోటును పణంగా పెట్టాలి. ఆయన కూతురు తనను అత్తయ్యా అని పిలుస్తుంది. ఆ ఇంటి గుమ్మంలో తన చెప్పులకు ఒక మూల ఉంది. ఇవి పోతే కొత్తవి సంపాదించుకునే వయసు కాదు. ఆమె బిరడాను చిన్న స్టీలు డబ్బాలో పెట్టుకుని, మధ్యాహ్నం మూడింటికి బయలుదేరింది. మరదలు తోడు వస్తానంటే వద్దంది.

నిదానం కూతురింట్లో మేడ మీది గదిలో ఉంటాడు. కిటికీ పక్కన కుర్చీ వేసుకుని, గొడుగు ఊచకు తీగ చుడుతున్నాడు. తేదీ కాని తేదీన వచ్చిందేమిటని ఆశ్చర్యపోయి, కూర్చోండి సిస్టరమ్మా అన్నాడు. ఆమె కూర్చోలేదు. నిలబడే, మొదటి నుంచి చివరి దాకా, రోగి చరిత్ర చెప్పినట్టు వరుసగా చెప్పింది: డ్రమ్ములు, లైనింగులు, వాగు నీళ్లు, సీలు పెదవి, బ్రీదరు. చివర డబ్బా తెరిచి ఆయన అరచేతిలో బిరడా పెట్టి, ఇది నేను పెట్టింది అన్నయ్యా అంది.

ఆయన బిరడాను చూడలేదు. కిటికీ బయటికి చూశాడు.

“అయితే పెడలు గట్టిగానే ఉంది కదూ?”

“గట్టిగానే ఉంది.”

“నేను నొక్కాను.”

“నొక్కారు అన్నయ్యా. క్లచ్చు కాదు. బ్రేకే నొక్కారు.”

ఆయన కుడి మోకాలి మీద చెయ్యి వేసి, జ్వరం తగ్గిన పసిబిడ్డను నిమిరినట్టు నిమురుతూ ఉండిపోయాడు. ఈలోపు గుమ్మంలో నిలబడి అంతా విన్న కూతురు లోపలికి వచ్చింది. ఆమెకూ యాభై దాటాయి. గొంతు పెంచలేదు, పిలుపు మార్చింది.

“సిస్టరుగారూ, మా నాన్న పంతొమ్మిదేళ్లు గేటు తీశాడు. మీరు వచ్చినప్పుడూ తీశాడు.”

సిస్టరమ్మ అప్పుడు తనకు తెలియదని చెప్పబోయింది.

“తెలియదు, సరే. తెలుసుకోవాలని ఎందుకు అనిపించలేదు? ఆగని బండిని ఒక్కరూ విప్పి చూడలేదేం? డ్రైవరు దొరికాడు కాబట్టేగా?”

సిస్టరమ్మ తల వంచి, నిజమేనమ్మా అంది. ఆనాడు విచారణలో తాను మందుల పెట్టెనే చూస్తున్నానని, ఆయన కాలు చూడలేదని చెప్పింది, అది నిజం. ఆయన అబద్ధమాడడని మాత్రం చెప్పలేదు. అదీ నిజమే, పైగా అడగకపోయినా చెప్పదగ్గ నిజం.

“ఊరుకో తల్లీ” అన్నాడు నిదానం కూతురితో. అప్పుడు బిరడాను వెలుతురుకు ఎత్తి చూశాడు. “దీన్ని నేనూ చూశాను. చక్రం మార్చేటప్పుడు. ప్లాస్టరు చుట్టి ఉంటే మెకానిక్కు పెట్టాడేమోననుకున్నాను. ఇక నీళ్లు పోవులే, మంచిదేననుకున్నాను. తీసి ఉండాల్సింది. డ్రైవరును కదా.”

అది నిజంగా చూసిన మాటో, ఆమె మోస్తున్న మూటకు ఒక కొస తాను పట్టుకోవడానికి అన్న మాటో సిస్టరమ్మకు తేలలేదు. హౌసింగు పైన ఆ చోటు, చక్రం మార్చే మనిషికి కనబడుతుందా? కొలతలు వేసే బుద్ధి ఆమెది; కొలిస్తే తేలేదే. జీవితంలో మొదటిసారి, కొలవకుండా వదిలేసింది. కూతురు మాత్రం కాఫీ ఇవ్వకుండానే లోపలికి వెళ్లిపోయింది. చెప్పులు వేసుకుని మెట్లు దిగుతుంటే పైనుంచి ఆయన గొంతు వినబడింది: బండి బ్రేకులు ఎప్పటికి తయారవుతాయని కనుక్కోమంటున్నాడు.

ఇరవై రోజులు పట్టింది. కొత్త లైనింగులకు చెవి తానే రివెట్లు కొట్టాడు. వీల్ సిలిండర్లను సాన పట్టి, లోపల కొత్త రబ్బర్లు వేశాడు. తుప్పు తిన్న బ్రేకు గొట్టాలు తీసేసి, రాగి గొట్టాలను మోకాలికి ఆనించి వంచి అమర్చాడు. బేరింగులు, కొత్త సీళ్లు, మూతతో సహా సరికొత్త బ్రీదరు. ఇరుసు మధ్యనున్న గేర్ల పెట్టెను విప్పిన రోజు మాత్రం పెద్దగా నవ్వి అక్కను కేకేశాడు. నలభై రెండేళ్లు కూలే షెడ్డు కింద వానకు తడుస్తూ నిలబడ్డ బండి. ముందు ఇరుసులో నీళ్లు చేరి, పళ్లన్నీ తుప్పు ముద్దలయ్యాయి. వెనక గేర్లు నిన్న పెట్టెలోంచి తీసినట్టు మెరుస్తున్నాయి.

“నీ బిరడా ఒక్క చుక్కనూ రానివ్వలేదక్కా. బ్రేకుల్ని చంపింది గాని గేర్లను పెంచింది.”

సిస్టరమ్మకు నవ్వు రాలేదు గాని, ట్రేలో బోల్టులు పేర్చే చేతులు ఆ పూట కాస్త తేలికగా కదిలాయి. మందు అయినా అంతే కదా, ఒక అవయవానికి మేలు చేస్తూ మరోదాన్ని పాడుచేస్తుంది అంది. “ఇప్పుడు తమరు పాఠం చెబితే నేను రాసుకోవాలా?” అంటూ మరదలు గేరాయిలు అంటిన తన చేతులను వదిన కొంగుకే తుడుచుకుంది.

ఇక మిగిలింది గొట్టాల్లోని గాలి తీయడం. ఒకరు పెడలు నొక్కి పట్టుకుంటే, ఇంకొకరు చక్రం దగ్గర మర వదులు చేసి గాలి పోనివ్వాలి. ఒంటరిగా జరగని పని. చెవి పొద్దున్నే మనిషిని పంపాడు: అన్నగారిని రమ్మనండి, ఆయన కాలితో పని ఉంది.

నిదానం ఇస్త్రీ చొక్కా వేసుకుని వచ్చాడు. వెంట కూతురు, తనిఖీకి వచ్చిన అధికారిలా. ఆయన జీపు చుట్టూ ఒకసారి తిరిగి, స్టాండ్లను చేత్తో కదిపి చూసి, సంతృప్తిపడి, సీట్లోకి ఎక్కాడు. ఎక్కడానికి మూడు ప్రయత్నాలు పట్టాయి. ఎవరి చెయ్యీ పట్టుకోలేదు. చెవి, వెనక కుడి చక్రం దగ్గర పడుకున్నాడు. సిస్టరమ్మ సన్నని గొట్టం కొసను సీసాలో ముంచి పట్టుకుంది; బుడగలు చూడటం ఆమె పని, సిరంజిలో నలభై ఏళ్లు చూసినదే. జీపు నేల పలకలోని రంధ్రంలోంచి డబ్బాలో ఆయిలు తగ్గకుండా పోసే పని ఇంకెవరూ లేక కూతురి చేతికి వచ్చింది.

“నొక్కండి.”

ఆయన నొక్కాడు.

“పట్టుకోండి.”

సీసాలో బుడబుడమని గాలి. “వదలండి.” మళ్లీ నొక్కండి. మళ్లీ పట్టుకోండి. ఒక్కో చక్రం దగ్గర పదిహేను, ఇరవైసార్లు. ఎనభై ఒక్క ఏళ్ల మోకాలు, అందులోనూ చితికిన మోకాలు. మధ్యలో ఆగుదామా అని చెవి అడిగితే, నువ్వు పడుకున్నావు గనక నీకు అలసట తెలుస్తోంది, నాకేం అన్నాడు. నాలుగో చక్రం దగ్గర బుడగలు సన్నబడి, ఒకటొకటిగా వచ్చి, ఆగిపోయాయి. శుభ్రమైన ఆయిలు తీగలా సాగింది. సిస్టరమ్మ చెయ్యెత్తింది.

కూతురు డబ్బా మూత చేతిలో పట్టుకుని ఆగింది. సిస్టరమ్మ వైపు చూసింది.

“దీనికి మూత పెట్టనా, లేక తెరిచే ఉంచాలా? మీరే చెప్పండి అత్తయ్యా, మూతల సంగతి మీకే బాగా తెలుసు.”

మరదలికి నవ్వాపుకోలేక పొలమారింది. జీపు కింద నుంచి చెవి, పెట్టమ్మా, దానికి కూడా చిన్న రంధ్రం ఉంది, ఎవరూ దాని జోలికి పోకండి అని అరిచాడు. సిస్టరమ్మ ఆ ఎత్తిపొడుపును కిమ్మనకుండా పుచ్చుకుంది. అందులో ఒక్క పిలుపు ఆమెకు చాలు.

ఇంజను ఇంకా విప్పనేలేదు కాబట్టి నడిపి చూడటం కుదరదు. అయితే షెడ్డు గుమ్మం నుంచి వీధి గేటు దాకా ఇరవై గజాల వాలు ఉంది. నిదానం దాన్ని చూస్తూనే ఉన్నాడు. చక్రాలు దింపండి, ఒక్కసారి తొయ్యండి చాలు అన్నాడు. తర్వాత పక్క సీటు మీద దుమ్ము చేత్తో దులిపి, సిస్టరమ్మను ఎక్కమన్నాడు. ఆమె గేటు వైపు చూసింది. ఇనుప గేటు, అవతల వీధి. ఎక్కి కూర్చుంది. ఈసారి ఒళ్లో పెట్టె లేదు. ఆయన కాలినే చూస్తూ కూర్చుంది.

ముగ్గురూ వెనక నుంచి తోశారు. చక్రాలు కిర్రుమని, ఒక తిరుగు తిరిగి, వాలు అందుకున్నాయి. జీపు వేగం పట్టింది. గేటు కమ్మీలు పెద్దవవుతున్నాయి. ఆయన తొందరపడలేదు. గేటు రెండు గజాలుందనగా కాలు దిగింది. నాలుగు చక్రాలూ ఒక్కసారిగా కరుచుకున్నాయి. జీపు ముక్కు కిందికి వంగి, లేచి, నిలబడిపోయింది.

నిదానం కాలు తీయలేదు. పెడలును ఇంకాసేపు అలాగే పట్టుకుని, వదిలి, మళ్లీ నొక్కి చూసుకున్నాడు.

“థ్యాంక్స్ సిస్టరమ్మా” అన్నాడు, ముందుకే చూస్తూ.

“దేనికి అన్నయ్యా? ఇన్నాళ్లకు చెప్పినందుకా?”

“చెప్పినందుకు. చెప్పకపోయినా అడిగేవాళ్లు లేరు కదా.” ఆయన అద్దం సర్దుకుని వెనక్కి చూశాడు. “బాబూ, పైకి తొయ్యండి. ఇంకొక్కసారి చూద్దాం.”

చెవి నడుము పట్టుకుని, అన్నగారూ, ఇంజను బాగయ్యేదాకా ఆగకూడదూ, ఇది ఎత్తు మీదికి తొయ్యాలంటే మా ఇరుసులు ఊడతాయి అని మొత్తుకున్నాడు. మరదలు మొగుడికి వంత పాడింది. నిదానం కూతురు మాత్రం చీర చెంగు దోపుకుని జీపు ముందుకు వచ్చి, వంగిన బంపరు మీద రెండు చేతులూ ఆనించి, బలమంతా పెట్టి తొయ్యడం మొదలుపెట్టింది.